మొదటి ఆశీర్వాదం చేపలకే

బైబిల్లో దేవుడు మొట్టమొదట ఎవరిని ఆశీర్వదించాడు? సండేస్కూల్లో ఈ ప్రశ్న వేస్తే పిల్లలంతా ఒక్క గొంతుతో ‘ఆదామును’ అంటారు. పెద్దల్లో కొందరు కాస్త ఆలోచించి ‘అబ్రాహామును’ అంటారు. రెండూ కాదు. ఆదికాండం మొదటి అధ్యాయం 22వ వచనం తీసి చూడండి. ఐదవ దినాన జలచరాలనూ పక్షులనూ సృజించిన దేవుడు వాటిని ఆశీర్వదించాడు. సముద్రం నిండా మీ సంతతే ఉండాలన్నాడు. మనిషి అప్పటికింకా పుట్టనేలేదు. మనకు దక్కిన ఆశీర్వాదం ఆ మరునాటిది. వరుసలో మనకన్నా ముందు చేప ఉంది.

సముద్రాన్ని దేనితో నింపమని దేవుడు సెలవిచ్చాడో వాక్యంలో ఉంది. ఈ రోజుల్లో అది దేనితో నిండుతోందో చూడాలంటే ఏ తీరానికైనా తెల్లవారుజామున, ఊడ్చేవాళ్లు రాకముందు వెళితే చాలు. 2015లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన ఒక అధ్యయనం, 2010 ఒక్క సంవత్సరంలోనే 48 లక్షల నుంచి 127 లక్షల టన్నుల దాకా ప్లాస్టిక్ నేల మీద నుంచి సముద్రంలో కలిసిందని లెక్కకట్టింది. ఇంత పెద్ద అంకె మనసుకు పట్టదు. అందుకే ఈ వారం ఒక్క విశాఖ తీరం గురించే మాట్లాడుకుందాం.

తెలుగు సంఘాలకు ఈ తీరం కొత్తది కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ వచ్చి పని మొదలుపెట్టింది విశాఖపట్నంలోనే. తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదానికి వాళ్లు కూర్చున్నది ఈ కెరటాల చప్పుడు వినిపించే ఊళ్లోనే. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వాళ్లు చూడకుండానే 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయ్యాయి. మనకు వాక్యం అందింది సముద్రం దారినే. అదే సముద్రానికి మనం తిరిగి పంపుతున్నదేమిటో ఒకసారి చూడాలి.

మా సంఘం నుంచి పాతికమందిమి నెలకొక శనివారం ఉదయం ఒడ్డుకు వెళుతున్నాం. యవనస్తులు ఎక్కువ, స్త్రీల సమాజం నుంచి ఐదారుగురు, పింఛను తీసుకుంటున్న పెద్దలు ముగ్గురు నలుగురు. చేసే పని చెప్పుకోదగ్గంత పెద్దదేం కాదు. సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ చూసుకుని, గోనె సంచులు పట్టుకుని, రెండు గంటలు ఏరి వచ్చేస్తాం. అయితే నెలనెలా ఒకే చోట ఏరడంలో ఒక చదువు ఉంది. ఒడ్డున ఏమున్నదీ అందరికీ కనబడుతుంది. ఎందుకున్నదీ నాలుగైదు నెలలు వంగితేగానీ అర్థం కాదు.

ఉదాహరణకు సీసా మూతలు. నీళ్ల సీసాలకన్నా వాటి మూతలే ఇసుకలో ఎక్కువ దొరుకుతాయి. సీసాలు ఏమయ్యాయని పిల్లలు అడిగారు. సంఘంలో పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే సహోదరుడొకాయన ఒక బకెట్ నీళ్లలో చేసి చూపించారు. సీసాకు వాడే ప్లాస్టిక్ వేరు, మూతకు వాడేది వేరు. మూత తీసిన సీసాలోకి నీళ్లు చొరబడగానే అది అడుక్కి పోతుంది. మూత మాత్రం తేలుతూ ఒడ్డుకొస్తుంది. అంటే ఒక మూత దొరికిందంటే దాని సీసా చాలాసార్లు సముద్రం అడుగున ఉన్నట్టే. మనం ఏరుతున్నది పైకి తేలినదాన్నే, మునిగినదాన్ని కాదు. బకెట్ చుట్టూ కూర్చున్న పిల్లలు ఆ రోజు మామూలుకన్నా నెమ్మదిగా ఉన్నారు.

మూతల తర్వాత షాంపూ ప్యాకెట్లు, గుట్కా ప్యాకెట్లు, చిప్స్ ప్యాకెట్లు. వీటిలో ప్లాస్టిక్ పొర మీద మరో పొర, మధ్యలో వెండిలా మెరిసే పూత ఉంటాయి. ఆ పొరల్ని విడదీయడం లాభసాటి కాదు గనుక పాత సామాన్ల కొట్టువాళ్లు వీటిని ముట్టుకోరు. సీసాకు పాతిక పైసలైనా వస్తాయి, ఈ ప్యాకెట్లకు ఏమీ రాదు. అందుకే చెత్త ఏరుకుని బతికేవారు కూడా వీటిని వదిలేసి పోతారు. ఇక థర్మాకోల్. చేత్తో పట్టుకుంటే పూసలుగా రాలిపోతుంది. ఐదు మిల్లీమీటర్లకన్నా చిన్నవైన ప్లాస్టిక్ ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. అంత చిన్నవయ్యాక వాటిని ఏరడం మనుషుల చేతిలో పని కాదు. 2025 మే నెలలో కేరళ తీరానికి దూరంగా ‘ఎంఎస్‌సీ ఎల్సా 3’ అనే ఓడ మునిగినప్పుడు అందులోని ప్లాస్టిక్ గుళికలు తిరువనంతపురం తీరాల దాకా కొట్టుకొచ్చాయి. పప్పుగింజల్లాంటి ఆ గుళికల్ని ఇసుక జల్లించి వేరు చేయడానికి అక్కడివారు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. కనుక ముక్కలు కాకముందే ఏరాలి, అంతకన్నా ముందే ఆపాలి.

ఈ పనిలో మాకు గురువు మా సంఘంలోనే ఉన్న ఒక అక్క. నగరపాలక సంస్థలో పారిశుద్ధ్య కార్మికురాలు. ఇరవై ఏళ్లకు పైగా తెల్లవారుజామున మూడున్నరకు లేచి వీధులు ఊడుస్తున్న మనిషి. మొదలుపెట్టే ముందు అయ్యగారు ఆమె దగ్గరకే వెళ్లి, ‘అమ్మా, మీరూ వస్తారా?’ అని అడిగారు. ఆమె మొహమాటం లేకుండా చెప్పింది: ‘‘ఆరు రోజులూ అదే పని కదా అయ్యగారూ, సెలవు దొరికిన పూటా అదేనా? నాను ఏరను. మీరు ఏరండి, ఎలాగో సెప్తాను.’’

అందరికీ అదే మంచి ఏర్పాటనిపించింది. ఒడ్డున తిరగేసి పెట్టిన తెప్ప మీద ఆమె కూర్చుంటుంది. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దాయన, ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు ఆమె చెప్పినట్టు చేస్తారు. ‘‘బాబుగారూ, ఒంగి ఏరితే నడుం పట్టేస్తాది, కూకుని ఏరండి.’’ ‘‘గాజుపెంకుల సంచీ ఏరేగా కట్టండి, రేపు దాన్ని ఎత్తేవోడి సెయ్యి తెగిపోద్ది.’’ ‘‘సూది కనబడితే సేత్తో ముట్టుకోకండి, నన్ను పిలండి.’’ సంచీని నిండుగా నింపకూడదని, ముప్పావు వంతు నింపి మూతి కట్టాలని, తడి ఇసుక దులపకపోతే మోయలేమని మాకు చెప్పింది ఆమే. ముఖ్యంగా, ఏరిన సంచుల్ని రోడ్డు పక్కన వదిలేసి వెళ్లిపోతే అది సేవ కాదని, ఇంకొకరికి పని పెంచడమేనని కూడా చెప్పింది. అందుకని ముందు రోజే వార్డు సిబ్బందికి చెప్పి, బండి వచ్చే వేళకు సంచులు అందించి, అప్పుడు ఇంటికి వస్తున్నాం.

మన సంఘాల్లో ఈ పని చేసి పిల్లల్ని పెంచినవారు, చదివించినవారు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. నెలకొకసారి చేతి తొడుగులు వేసుకుని ఒడ్డున ఫొటో దిగినవారికి పేపర్లో చోటు దొరుకుతుంది. రోజూ చేసేవారికి కొన్నిచోట్ల ఆ తొడుగులు కూడా సమయానికి అందవు. సంఘం సముద్రాన్ని శుభ్రం చేయడం మొదలుపెట్టాక, శుభ్రం చేసేవారి జీతం గురించీ, సబ్బూ బూట్ల గురించీ అడగకుండా ఉండటం కుదరదు. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో ఇశ్రాయేలు పాళెం శుభ్రత గురించి దేవుడిచ్చిన ఆజ్ఞ ఒకటుంది. ప్రతి మనిషీ తన ఆయుధాలతోపాటు ఒక గసిక వెంట ఉంచుకోవాలి, బయటికి వెళ్లినప్పుడు గుంట తవ్వి, తన మలినాన్ని తానే కప్పెట్టాలి. దేవుడు ఆ పాళెం మధ్య సంచరిస్తాడు గనుక అంటుంది వాక్యం. ఆ పనికి ఒక గోత్రాన్ని కేటాయించలేదని గమనించాలి. లేవీయులకు మందిరం పని అప్పగించిన దేవుడు, ఇంకో గోత్రానికి పాకీ పని అప్పగించలేదు. ఎవరి గసిక వారిదే.

ఒడ్డున పడి ఉన్నదంతా ఒడ్డుకు షికారు వచ్చినవారు పారేసిందే అనుకుంటాం. అది సగం నిజం. వానాకాలంలో ఒక మంచి వర్షం పడిన మర్నాడు వెళ్లి చూడండి. ముందు రోజు శుభ్రంగా ఉన్న ఇసుక మీద చెత్త గీతలా పేరుకుని ఉంటుంది. అదంతా గెడ్డల్లోంచి వచ్చింది. విశాఖ కొండల మీద పడిన వాన గెడ్డల్లో కలిసి నేరుగా సముద్రంలోకి దిగుతుంది. కొండవాలు కాలనీలో కిటికీలోంచి విసిరిన కవరు, మురుగుకాల్వలో పారేసిన పసిపిల్లల డైపరు, చికెన్ కొట్టు వెనక పడేసిన సంచీ అన్నీ ఒక్క వానకు తీరం చేరతాయి. పారేసినవాళ్లు ఆ నెల సముద్రం ముఖం చూసి ఉండకపోవచ్చు.

ఇక్కడ హోషేయ ప్రవక్త గుర్తుకొస్తాడు. నాలుగో అధ్యాయం మొదటి మూడు వచనాల్లో ఆయన దేశం మీద ఒక నేరాల పట్టిక చదువుతాడు. అబద్ధ ప్రమాణం, హత్య, దొంగతనం, వ్యభిచారం. వాటి ఫలితంగా దేశం అంగలారుస్తుందనీ, పశువులూ పక్షులూ క్షీణిస్తాయనీ చెప్పి, చివరికి సముద్రంలోని చేపలు కూడా గతించిపోతాయంటాడు. నేల మీద మనిషి చేసే పాపానికి, నీళ్లలో ఉన్న చేపకు సంబంధమేమిటి? ఇది ప్రవక్తల అతిశయోక్తి అని వ్యాఖ్యాతలు దాటేయవచ్చు. గెడ్డ సముద్రంలో కలిసే చోట వాన వెలిసిన పూట పది నిమిషాలు నిలబడినవారు అలా దాటేయలేరు. యెహెజ్కేలు 34వ అధ్యాయంలో కొవ్విన గొర్రెల్ని దేవుడు అడిగే ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. మీరు తేట నీళ్లు తాగేసి, మిగిలినవాటిని కాళ్లతో కలకవేయడం చాలలేదా అంటాడు. ఆ కలక నీళ్లు తాగాల్సింది మిగతా మంద. మన ఊళ్లో ఆ మంద ఎవరంటే, జాలరిపేటలే.

రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్లే దారిలో ఇప్పటికీ కొన్నిచోట్ల అలివి వల లాగుతారు. వలను నావలో తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ తిప్పి వస్తే, ఒడ్డున రెండు జట్లుగా నిలబడి మోకులు పట్టి గంటల తరబడి లాగుతారు. వల ఒడ్డెక్కాక చుట్టూ కూర్చుని ఏరుతారు. మత్తయి 13వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం అచ్చంగా ఈ దృశ్యమే. వల నిండా రకరకాలవి పడతాయి, ఒడ్డున కూర్చుని మంచివాటిని గంపల్లోకి చేరుస్తారు, పనికిరానివాటిని పారేస్తారు. ప్రభువు చూసిన ఒడ్డున కుప్పలు రెండే. ఇప్పుడు మూడోది చేరింది. ఒక పక్క కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లు. ఇంకో పక్క అమ్ముడుపోని చిల్లర చేప. మూడో పక్క కవర్లు, తాళ్లు, చెప్పులు, నైలాన్ పోగులు. ఆ మూడో కుప్ప ఏరడానికి పట్టే సేపు అంతా ఎండలో చేప వాడిపోతుంది, ధర పడిపోతుంది. కవర్లతో బరువెక్కిన వల లాగేటప్పుడు చినిగితే కుట్టుకునే ఖర్చూ వాళ్లదే. ఆ కవర్లు వాళ్లు కొన్నవి కావు, వాడినవీ కావు.

చాలాచోట్ల ఆ మూడో కుప్పను తిరిగి సముద్రంలోకే విసురుతారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఒడ్డుకు తెస్తే తీసుకునే నాథుడు లేనప్పుడు ఏం చేస్తారు? కేరళలోని కొల్లంలో ఈ చిక్కు విప్పే ప్రయత్నం చేశారు. అక్కడి నీండకర, శక్తికుళంగర రేవుల్లో 2017లో ‘శుచిత్వ సాగరం’ అనే పథకం మొదలుపెట్టారు. వేటకెళ్లిన పడవలు వలలో పడిన ప్లాస్టిక్‌ను సంచుల్లో వేసి రేవుకు తెచ్చాయి. ఒడ్డున స్త్రీలు దాన్ని కడిగి వేరు చేశారు. యంత్రంలో తురిమి తారులో కలిపి రోడ్లకు వాడారు. జాలరికి నీతులు చెప్పడంకన్నా ఒడ్డున ఒక తొట్టె పెట్టి, దాన్ని రోజూ ఖాళీ చేసే మనిషిని పెట్టడం మేలని ఆ రేవులు చూపించాయి. మన దగ్గర చేపల రేవులకు దగ్గర్లో ఉన్న సంఘాలు అధికారుల్ని అడగవలసిన మొదటి మాట ఇదే.

తెగిపోయి నీళ్లలో వదిలేసిన వలల సంగతి వేరే. నైలాన్ కుళ్లదు. మనిషి వదిలేసినా వల వేట మానదు. చేపలు, పీతలు, తాబేళ్లు దానిలో చిక్కుకుంటూనే ఉంటాయి. చేప కడుపులో చేసిన ప్రార్థనలో యోనా తన తలకు సముద్రపు నాచు చుట్టుకుందని మొరపెట్టుకున్నాడు. నాచు తెగుతుంది. తాబేలు మెడకు చుట్టుకున్న నైలాన్ తాడు తెగదు, మొరపెట్టడానికి దానికి నోరూ లేదు.

తాబేళ్లంటే గుర్తొచ్చింది. ఈ పని మొదలుపెట్టాలనుకునే సంఘాలు ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి రాత్రిళ్లు వచ్చి ఇసుకలో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, గుంట పూడ్చి వెళ్లిపోతాయి. నెలన్నర నుంచి రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలకు లక్షల్లో వస్తాయి. మన దగ్గర అక్కడొకటి ఇక్కడొకటి. అటవీ శాఖ ఆ గుడ్లను సేకరించి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతోంది. అందరి కళ్లూ ప్రతి గుంటనూ పట్టుకోలేవు కదా. కనుక ఆ నెలల్లో యంత్రాలతో ఇసుక దున్నకూడదు, పారలతో లోతుగా తవ్వకూడదు. ఇసుక మీద పాకి ఊదారంగు పూలు పూసే తీగను పిచ్చిమొక్క అనుకుని పీకేయకూడదు, ఒడ్డు కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. పక్షి గూడు కనబడితే పిల్లలతోపాటు తల్లిని పట్టుకోవద్దని మోషే ధర్మశాస్త్రం (ద్వితీయోప. 22:6) అంత చిన్న విషయం గురించీ మాట్లాడింది. నీళ్లలో తేలే పలుచటి కవరు తాబేలు కంటికి జెల్లీ చేపలా కనిపిస్తుంది. మింగుతుంది. దాని కడుపులో అది అరగదు.

ఒక్కరోజు ఉత్సాహంతో ఏమవుతుందో, ఏమి కాదో విశాఖ ఇప్పటికే చూసింది. 2022 ఆగస్టు 26న గోకుల్ పార్క్ నుంచి భీమిలి దాకా 28 కిలోమీటర్ల తీరాన్ని ఇరవై వేలకు పైగా జనం ఒక్క ఉదయంలో శుభ్రం చేశారు. 76 టన్నుల ప్లాస్టిక్ తీశామని ప్రభుత్వం ప్రకటించింది. రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నామని నాటి ముఖ్యమంత్రి ఆ రోజే చెప్పారు. మంచి రోజే అది. తర్వాతి వానలకు గెడ్డలు మళ్లీ తమ పని తాము చేశాయి. దీనికి భిన్నంగా ముంబయిలోని వెర్సోవా తీరంలో అఫ్రోజ్ షా అనే న్యాయవాది 2015 అక్టోబరులో పొరుగింటి వృద్ధుడొకాయనతో కలిసి ఇద్దరుగా మొదలుపెట్టారు. వారం వారం వెళ్లారు. జనం కలిశారు. మధ్యలో వేధింపులు భరించలేక ఆపేసిన రోజులూ ఉన్నాయి. 2016లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆయన్ను సత్కరించింది. 2018 మార్చిలో ఆ ఒడ్డున ఆలివ్ రిడ్లే పిల్లలు ఇసుకలోంచి బయటికొచ్చి సముద్రంలోకి పాకాయి. దాదాపు ఇరవై ఏళ్లుగా అక్కడ ఎవరూ చూడని దృశ్యం అది. మన సంఘాలేవీ మొదలుపెట్టిన పని కాదది. అయినా చూసి నేర్చుకోవడానికి మనకు అభ్యంతరం ఉండనక్కర్లేదు. తోటివారి పండుగల వల్ల సముద్రం పాడైపోతోందని మాట్లాడటం తేలిక. మన కూడికల తర్వాత నేల ఎలా ఉంటోందో చూసుకోవడం కాస్త కష్టం.

ఆ సంగతికి వచ్చే ముందు, సంఘాల్లో నిజాయితీగా వినబడే ఒక ప్రశ్న ఉంది. మా బైబిలు తరగతిలోనే ఒక పెద్దాయన అడిగారు. పేతురు రెండో పత్రిక మూడో అధ్యాయం ప్రకారం ఈ భూమీ దీనిమీద ఉన్న కృత్యాలూ అగ్నికి ఆహుతి కాబోతుంటే, ఒడ్డు ఊడ్చుకుంటూ కూర్చోవడమేమిటి? ఆ రెండు గంటలూ సువార్తకు వెళితే నాలుగు ఆత్మలైనా రక్షణ పొందవా? ఇది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. జీవితమంతా ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి నోట వచ్చిన ప్రశ్న.

పేతురు అదే అధ్యాయంలో జలప్రళయాన్ని గుర్తుచేస్తాడు. నాటి లోకం కూడా నాశనం కాబోతున్నదే. ఆ సంగతి దేవుడు నోవహుకు ముందే చెప్పాడు. చెప్పి, నీ ప్రాణం దక్కించుకో చాలని ఊరుకోలేదు. ప్రతి జాతి జంతువునూ ప్రాణంతో కాపాడమన్నాడు. నోవహు తన కుటుంబానికి మాత్రమే సరిపడే చిన్న పడవ కట్టి ఉంటే అవిధేయుడయ్యేవాడు. ఇక యిర్మీయా 32వ అధ్యాయం చదవండి. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం దిగి ఉంది. పట్టణం పడిపోతుందని ప్రకటించినందుకే యిర్మీయా చెరసాల ప్రాకారంలో ఉన్నాడు. ఆ సమయంలో దేవుడు అతణ్ని అనాతోతులో పొలం కొనమన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల్ని పెట్టి, క్రయపత్రాన్ని మట్టికుండలో భద్రపరచమన్నాడు. రేపు శత్రువు తొక్కబోయే నేల అది. మూర్ఖత్వంలా లేదూ? తీర్పు వస్తోందని అందరికన్నా ముందు చెప్పిన ప్రవక్తే, ఆ నేల దేవునిదన్న నమ్మకంతో వెండి తూచాడు. తీర్పు దేవుని చేతిలో ఉందన్న మాట ప్రకటించే మనకు, ఆ తీర్పు వచ్చేలోపు ఆయన సొత్తును మనమే పాడుచేయవచ్చన్న అధికారం ఎవరిచ్చారు? భూమి ఎవరిదో 24వ కీర్తన మొదటి మాటలోనే ఉంది.

ప్రపంచంలోని ఎవాంజెలికల్ సంఘాల్లో ఈ ఆలోచన కొత్తగా పుట్టింది కాదు. 1983లో పీటర్ హారిస్ అనే ఆంగ్లికన్ సేవకుడు, ఆయన భార్య మిరాండా పోర్చుగల్ తీరానికి వెళ్లి ‘ఎ రోషా’ అనే సంస్థ ప్రారంభించారు. పోర్చుగీసులో ఆ మాటకు ‘బండ’ అని అర్థం. సృష్టి సంరక్షణనే క్రైస్తవ సేవగా చేపట్టిన ఆ సంస్థ తర్వాత మన దేశంతో సహా అనేక దేశాలకు వెళ్లింది. జాన్ స్టాట్ గారు దానికి అండగా నిలిచారు. 2010లో కేప్‌టౌన్‌లో జరిగిన లోజాన్ మహాసభ కూడా క్రీస్తు ప్రభుత్వాన్ని ఒప్పుకోవడంలో భూమి పట్ల బాధ్యత భాగమేనని తన తీర్మానంలో స్పష్టం చేసింది.

మా పెద్దాయన ఇదంతా విన్నారు. పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేం. అయితే తర్వాతి నెల ఒడ్డుకు వచ్చారు, కరపత్రాలు సంచీలో పెట్టుకుని. ఏరే వేళ పంచవద్దని మేమంతా అనుకున్నాం. చెత్త ఏరడం ఎరగా కనిపించకూడదు, పైగా పంచిన కాగితం పది అడుగుల అవతల ఇసుకలోనే తేలుతుంది. ఆయన నవ్వి సంచీ తెప్ప మీద అక్క పక్కన పెట్టి, మూతలు ఏరడానికి కూర్చున్నారు. అడిగినవారికి మాత్రం ప్రభువు గురించి చెప్పారు. జాలరిపేట కుర్రాళ్లు ముగ్గురు చాలాసేపు అడిగారు.

ఇప్పుడు మన కూడికల సంగతి. ఐదువేల మందికి భోజనం పెట్టిన తర్వాత ప్రభువు చేసిన పని యోహాను సువార్త ఆరో అధ్యాయం 12వ వచనంలో ఉంది. మిగిలిన ముక్కలు నష్టం కాకుండా పోగుచేయమని శిష్యులకు చెప్పాడు. పన్నెండు గంపలు నిండాయి. అద్భుతం చేసిన చేతులే శుభ్రం గురించి కూడా పురమాయించాయి. మన సువార్త మహాసభలు ముగిసిన మర్నాడు మైదానం ఎలా ఉంటుంది? నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ డబ్బాలు. అవి గాలికి కాల్వలో పడతాయి. కాల్వ గెడ్డలో కలుస్తుంది. మిగతా కథ ముందే చెప్పుకున్నాం.

2022 జులై 1 నుంచి దేశమంతటా కొన్ని ప్లాస్టిక్ వస్తువులు చట్టం ప్రకారం నిషిద్ధం. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మాకోల్, ప్లాస్టిక్ జెండాలు, బెలూన్ల పుల్లలు, ఆహ్వాన పత్రికల మీద చుట్టే పలుచటి పొర, 100 మైక్రాన్లకన్నా పలుచటి బ్యానర్లు ఆ జాబితాలో ఉన్నాయి. 120 మైక్రాన్లకు తక్కువున్న క్యారీబ్యాగులకు 2022 డిసెంబరు 31తో గడువు తీరింది. ఈ జాబితాను ఒకసారి క్రిస్మస్ సామాన్ల పట్టీ పక్కన పెట్టి చదవండి. పశువుల పాక థర్మాకోల్‌తో, ప్రేమవిందు పళ్లెం ప్లాస్టిక్‌తో, సండేస్కూలు ఊరేగింపు జెండా ప్లాస్టిక్‌తో. అధికారులకు లోబడమని రోమా పత్రిక 13వ అధ్యాయం మీద ప్రసంగాలు వింటూనే ఇవన్నీ కొంటున్నాం. వెదురు బద్దలు, రంగు కాగితంతో కట్టే నక్షత్రం మన తాతల నాటిదే. అడ్డాకు విస్తళ్లు మన్యం నుంచి ఎప్పటినుంచో వస్తున్నాయి, వాటిని కుట్టేది గిరిజన స్త్రీలు. విందు తర్వాత ఆవులు తింటాయి, లేదా నేలలో కలిసిపోతాయి. విస్తరి ధర ప్లాస్టిక్ పళ్లెంకన్నా కొంచెం ఎక్కువే అవుతుంది. ఆ తేడా డబ్బు మన్యంలో ఒక తల్లి ఇంటికి చేరుతుంది.

అన్నిటికన్నా సున్నితమైనది ప్రభురాత్రి భోజనం. చాలా సంఘాల్లో కొవిడ్ రోజుల్లో జాగ్రత్త కోసమని వాడి పారేసే చిన్న ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. జబ్బు భయం తగ్గింది, గ్లాసులు మిగిలిపోయాయి. మూడు వందల మంది సంఘంలో నెలకొకసారి లెక్కేసుకున్నా ఏడాదికి మూడువేల ఆరువందల గ్లాసులు. ప్రభువు రక్తాన్ని జ్ఞాపకం చేసుకున్న గిన్నె చెత్తబుట్టలో, అక్కణ్నుంచి కాల్వలో. దీని గురించి మా సంఘం కమిటీలో మాట్లాడుకున్నప్పుడు సిద్ధాంతపరంగా ఎవరూ కాదనలేదు. చర్చంతా ఒక్క చోటే ఆగింది. స్టీలు గ్లాసులు కొంటే వాటిని కడిగేదెవరు?

ఇదివరకటి రోజుల్లో ఆ పని స్త్రీల సమాజం చేసేది. ఈసారి కూడా వాళ్లకే అప్పగిద్దామని ఒకరిద్దరు అన్నారు. మూలన కూర్చున్న పారిశుద్ధ్య కార్మికురాలు అక్క అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ‘‘ఎవలి గసిక ఆలదేనని మొన్న అయ్యగారు సెప్పారు కదండీ’’ అంది. ఎవరూ బదులు చెప్పలేదు. కాసేపటికి సంఘ కార్యదర్శి కాగితం తీసుకుని పేర్లు రాశారు.

మూడువందల యాభై స్టీలు గ్లాసులు, రెండు పెద్ద గంగాళాలు, వేడినీళ్లకు ఒక పొయ్యి. ఖర్చు కానుకల్లోంచి కాకుండా విడిగా చందా వేసుకున్నారు. గ్లాసులు కడిగేవారి జాబితా వెస్ట్రీ గది తలుపు మీద అంటించి ఉంది. మొదటి మూడు నెలల పేర్లన్నీ పురుషుల సహవాసం వాళ్లవే. అందులో మొదటి పేరు బ్యాంకు మేనేజరుగారిది.